శివాజీ దాకా వెళ్లిన కలం అహేరి దాకా రాలేదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచలో తెలుగింట పుట్టిన పిల్లవాడు ఒక రాజు జీవితాన్ని మొదటిసారి చదివేది మరాఠీలో. మహారాష్ట్రలో నాలుగో తరగతి చరిత్ర పుస్తకమంటే దశాబ్దాలుగా శివాజీ జీవితమే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అనే ఈ స్థితి గడ్చిరోలి, చంద్రపూర్ తెలుగువారికి కొత్త కాదు. ఆధునిక తెలుగులో రాజుల చరిత్ర రాయడం సరిగ్గా ఇలాంటి ఇంటి నుంచే ఒక మలుపు తిరిగిందన్న సంగతికి మాత్రం మనవాళ్లు ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు.

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుల దగ్గర ఉండి నాగపూర్‌లో చదువుకున్నారు. ఆంగ్లేయులు సెంట్రల్ ప్రావిన్సెస్ అన్న అప్పటి మధ్యపరగణాలకు నాగపూర్ రాజధాని. సిరొంచ ఆ పరగణాల్లోని చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో భాగం. 1890లలో తిలక్ శివాజీ ఉత్సవాన్ని జనం పండుగగా మలిచారు. 1898 నుంచి చరిత్రకారుడు రాజవాడే మరాఠా చరిత్రకు ఆధారమైన పాత కాగితాలను సంపుటాలుగా అచ్చువేయసాగారు. రాజు కథను పొగడ్తల మీద గాక ఆధారాల మీద నిలబెట్టాలన్న పట్టుదల మరాఠీలో బలపడుతున్న రోజుల్లో ఈ తెలుగు విద్యార్థి ఆ భాషలో ఆరితేరాడు. ఆయన తెలుగులో రాసిన తొలి పుస్తకాల్లో ‘శివాజీ చరిత్రము’ ఒకటి కావడంలో వింత లేదు.

అంతకుముందు రాజు చరిత్ర రాసినవాడు చాలావరకు ఆ వంశపు ఉప్పు తిన్నవాడే. శివాజీ మీద పేరొందిన బఖరు, అంటే మరాఠీ వచనంలో చరిత్ర, రాసిన కృష్ణాజీ అనంత్ సభాసద్ ఆ కొలువులో పనిచేసి, శివాజీ కొడుకు రాజారాం ఆజ్ఞ మీద 1697 ప్రాంతంలో తమిళనాట జింజి కోటలో కలం పట్టాడు. లక్ష్మణరావు కూడా మునగాల జమీందారు దగ్గర దివానుగా ఉన్నవారే. అయినా ఆయన ఎంచుకున్న రాజు 1680లోనే గతించినవాడు, ఈ రచయితకు ఒక్క మాన్యం కూడా ఇవ్వలేనివాడు. మరాఠీ రాజు మనకెందుకని అడిగేవారు 1677లో ఆయన గోల్కొండకు వచ్చి, అక్కన్న మాదన్నలు నడిపిన కొలువుతో పొత్తు కుదుర్చుకుని, శ్రీశైలం మీదుగా దక్షిణానికి సాగిన సంగతి గుర్తుచేసుకుంటే చాలు.

నా దృష్టిలో ఈ పనిలో తమ్ముడికన్నా అక్కే సాహసి. బడి ముఖం చూడకుండా, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చిన అచ్చమాంబ 1901 నాటికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో రాణుల, విదుషుల జీవితాలను సమకూర్చారు. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అన్న వాదానికి ప్రతి జీవితమూ ఆమె ప్రవేశపెట్టిన సాక్ష్యం. 1905లో, ముప్ఫయ్యేళ్ల వయసులోనే, ఆమె కన్నుమూశారు. ఆ రచనకున్న బలం ఈ సాక్ష్యపు స్వభావంలోనే ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది: వాదం నెగ్గడానికి పిలిచిన సాక్షి తడబడకూడదు, కాబట్టి తడబడిన జీవితాలకు అలాంటి పుస్తకంలో చోటు దొరకదు.

మా ప్రాంతపు చరిత్ర నిండా అలాంటి జీవితాలే. 1858లో మోలంపల్లి జమీందారు బాబూరావు శెడ్మాకే ఆంగ్లేయుల మీద తిరగబడ్డాడు. గడ్చిరోలి ప్రాంతంలోనే ఉన్న అహేరి జమీందారిణి లక్ష్మీబాయి, ఆంగ్ల అధికారుల ఒత్తిడి నడుమ, అతన్ని పట్టించి అప్పగించింది. అక్టోబరు 21న చాందా జైలులో అతన్ని ఉరితీశారు. అదే ఏడాది జూన్‌లో ఝాన్సీ లక్ష్మీబాయి పోరాడుతూ నేలకొరిగింది. ఝాన్సీ రాణి గురించి రాయడానికి భక్తి సరిపోతుంది. అహేరి లక్ష్మీబాయి గురించి రాయాలంటే భయాన్నీ, లెక్కలనూ, జమీని కాపాడుకోవాలన్న తాపత్రయాన్నీ అర్థం చేసుకోగల రచయిత కావాలి.

లక్ష్మణరావు పూనికతో 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి వారి చరిత్ర పుస్తకాలు తెలుగు పాఠకుడికి గర్వించదగిన పూర్వీకులను వెతికిపెట్టాయి. చాందా గోండు రాజులు ఆ లెక్కలోకి రాలేదు. మరాఠీ అభిమానానికీ వాళ్లు పరాయివాళ్లే. చంద్రపూర్‌లో భర్త బీర్‌షా సమాధిని కట్టించిన రాణి హిరాయి సంగతులు కూడా 1869 నాటి ఆంగ్ల అధికారి లూసీ స్మిత్ భూమిశిస్తు సెటిల్మెంటు నివేదిక వంటి సర్కారు కాగితాల్లో, గోండుల నోట వినవలసిందే. శిస్తు లెక్కకట్టడానికి వచ్చిన అధికారి ఒక రాజవంశానికి చరిత్రకారుడు కావలసి రావడం మన రెండు భాషలకూ గౌరవమేమీ కాదు.

ఇప్పుడు రాయబూనేవారికి తెలుగు, మరాఠీ చాలవు, గోండీ రావాలి. అహేరి రాజకుటుంబం నేటికీ ఎన్నికల్లో నిలబడుతోంది. బాబూరావు పేరు సభల్లో, విగ్రహాల మీద మారుమోగుతోంది. కాబట్టి సభాసద్‌కు ఎదురైన ఒత్తిడి ఇక్కడ రచయితకు రెండు వైపుల నుంచీ ఎదురవుతుంది. శివాజీ గురించి తెలుగులో రాసినప్పుడు లక్ష్మణరావుకు కాలమూ భాషా కలిసివచ్చి ఇచ్చిన ఎడం, అహేరి సంతలో రోజూ ఆ వంశీకులకు ఎదురుపడే రచయితకు దొరకదు.