శేషాచలం పనికి నవంబరే అదను

2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. 2021 నవంబరులో అవే కొండల మీద కురిసిన వాన తిరుమల ఘాట్ రోడ్లను, మెట్ల దారిని దెబ్బతీసి తిరుపతి వీధులను ముంచింది. మనం వీటిని వేర్వేరు విపత్తులుగా చూస్తున్నాం. అటవీ శాఖ లెక్కల్లోనూ నీటి పనులు వేరు, నిప్పు పనులు వేరు. అడవిలో మాత్రం ఒకదాని వెంట ఇంకొకటి వస్తుంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత, ఆగితే నేలంతా పొడి. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా కురిసిన ఏడాది చెట్ల కింద బోద గడ్డి ఏపుగా లేస్తుంది. ఫిబ్రవరికల్లా ఎండిపోతుంది, దాని మీద ఆకు రాలుతుంది. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. వానలు బాగా పడ్డాయి కాబట్టి ఈసారి అడవికి ఢోకా లేదనుకుంటే మోసపోతాం.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. స్మగ్లర్ల గొడ్డలి గురించి రోజూ మాట్లాడుకుంటాం, రాయాల్సిందే, రాస్తున్నాం కూడా. కానీ ఏటా మంటల్లో మాడే చిన్న మొక్కల ఊసెత్తేవారు లేరు. అవి ఎదగకపోతే పెద్ద చెట్ల తర్వాత ఇంకో తరం ఉండదు. 2010లో వచ్చిన బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం) హోదా ఒక్కటే ఆ మొక్కలను కాపాడలేదు.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. మంటలు ఎక్కువగా ఎగసేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు బిల్లుల కోసం పరుగెత్తితే అడవికి ఒరిగేదేమీ లేదు. ఫైర్ లైన్లలో, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బారుల్లో, గడ్డి కోసే పనికి నవంబరు, డిసెంబరులోనే డబ్బు అందాలి. కొండ కింది పల్లెల యువకులను వేసవి మూడు నెలలకే కాకుండా ఏడాది పొడవునా కూలి ఇచ్చి ఫైర్ వాచర్లుగా పెట్టుకోవాలి. అడవిలో ఏ దారి ఎటు పోతుందో వాళ్లకు తెలిసినంతగా పైనుంచి మంటలను పసిగట్టే ఉపగ్రహానికి తెలియదు.

వాలుల మీద కందకాలు, వాగుల్లో రాతి కట్టలు కూడా అంతే అవసరం. నీరు నెమ్మదిగా దిగితే కింద వరద తగ్గుతుంది, పైన నేల ఎక్కువ కాలం పచ్చిగా ఉంటుంది. ఖాళీల్లో ఒకే జాతిని బారులుగా నాటడం మానాలి. తంబ, మొగి, తెల్ల కరక లాంటి ఈ కొండల చెట్లు కలిసి పెరగాలి. చిత్తూరు జిల్లాలోనే ఉన్న ఏనుగుల అడవి కౌండిన్యలోనూ వేసవి నీటి గుంటలు నిండుగా ఉంటే పలమనేరు, కుప్పం రైతుల పొలాల మీదికి ఏనుగులు రావడమూ కొంత తగ్గుతుంది.

తితిదేకూ సొంత అటవీ విభాగం ఉంది. కలెక్టర్లు, అటవీ శాఖ, తితిదే ఒకచోట కూర్చుని వానకూ మంటకూ కలిపి ఒకే ప్రణాళిక రాయాలి. వచ్చే నవంబరులోగా దాన్ని ఖర్చు వివరాలతో సహా ప్రజల ముందు పెట్టాలని మేం కోరుతున్నాం.