ద్వితీయ విఘ్నం, ఒక తాబేలు

మన దగ్గర రెండోసారికి ఉన్నంత చెడ్డపేరు దేనికీ లేదు. మొదటిసారి ఏం చేసినా ఎవరూ పట్టించుకోరు. రెండోసారి అనేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ‘ద్వితీయ విఘ్నం లేకుండా చూసుకో’ అంటారు. నమ్మకపోతే, మొదటి సినిమా ఆడిన దర్శకుడు రెండో సినిమా ముహూర్తానికి వచ్చినప్పుడు చేతికున్న తాళ్ళు లెక్కపెట్టండి.

ఈ భయం మనకొక్కళ్ళకే ఉందనుకునేవాణ్ణి. ఇంగ్లండులో రాక్ బ్యాండ్లకీ ఉందట. వాళ్ళు దాన్ని రెండో ఆల్బమ్ జబ్బంటారు. మొదటి ఆల్బమ్ రాసుకోవడానికి పుట్టినప్పటి నుంచీ టైముంటుంది, రెండోదానికి మాత్రం టూరు వ్యాను వెనకసీట్లో దొరికిన ఏడాదిన్నరే ఉంటుంది. పాపం, వాళ్ళకి తాళ్ళు కట్టేవాళ్ళు లేరు. అందుకని శాంతి కింద, ఆల్బమ్‌కి మూడు నాలుగు నెలల ముందు ఒక సింగిల్, అంటే అందులోంచి ఒక్క పాట, విడిగా వదులుతారు.

సంగీత రంగం శ్రేయస్సు కోరేవాడిగా, ఈ సింగిల్ విషయంలో పాటించాల్సిన మర్యాదలు గుర్తు చేయడం నా బాధ్యత. పాట పాత పాటల కన్నా కనీసం ఒక నిమిషం ఎక్కువుండాలి, పిల్లలు ఎదిగారని నలుగురికీ తెలియాలి. ఎక్కడో ఒకచోట వయొలిన్లు రావాలి. బ్యాండు ఒక ప్రకటన ఇవ్వాలి, అందులో ‘ప్రయాణం’ అన్న మాట రెండుసార్లు ఉండాలి. ఫొటోలో నలుగురూ నాలుగు వైపులకి చూడాలి, కెమెరా వైపు తప్ప. పోస్ట్-పంక్ బ్యాండయితే నవ్వకూడదు కూడా. నవ్వితే సభ్యత్వం రద్దు.

పోస్ట్-పంక్ ఏమిటంటారా? 1976, 77ల్లో లండన్ కుర్రాళ్ళు గిటార్ మీద మూడు కార్డ్‌లు, అంటే కలిపి మీటే మూడు స్వరాల గుత్తులు, నేర్చుకుని ప్రభుత్వాన్నీ రాణినీ పాత రాక్ స్టార్లనీ కలిపి తిట్టారు. అది పంక్. ఏడాది తిరిగేసరికి గొంతులు పోయాయి. అరవకుండా కూడా విసుక్కోవచ్చు కదా అని అప్పుడు కొందరికి తోచింది. బేస్ గిటార్ ముందుకొచ్చింది. మామూలు గిటార్ గచ్చు మీద కుర్చీ ఈడ్చినట్టు కీచుమంటూ పక్కకి జరిగింది. పాడేవాళ్ళు పాడటం తగ్గించి చెప్పడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు దాటింది, విసుగు తగ్గలేదు.

ఆ వంశంలో పుట్టిందే దక్షిణ లండన్ బ్యాండు డ్రై క్లీనింగ్. ఫోన్‌లో ఆ పేరు వెతికితే ముందు మీ వీధి చివర లాండ్రీ వస్తుంది, ఓపిక పడితే బ్యాండు వస్తుంది. బేస్ వాయించే లూయిస్ మేనార్డ్ వాళ్ళమ్మగారి ఇంటి గ్యారేజీలో రిహార్సల్స్ చేసుకునేవాళ్ళు. ముందు నిలబడే ఫ్లోరెన్స్ షా అంతకుముందు బొమ్మలు వేసుకుంటూ, ఆర్ట్ విద్యార్థులకి పాఠాలు చెప్పుకుంటూ ఉండేది. పాటతో ఏ సంబంధమూ లేని మనిషి. అక్కడా ఇక్కడా కంటపడ్డ మాటలు, ప్రకటనల్లోవీ యూట్యూబ్ కామెంట్లలోవీ, రాసి పెట్టుకునే అలవాటు మాత్రం ఉంది. ఆ కాగితాలు తెచ్చుకుని, వెనక ముగ్గురూ వాయిస్తుంటే చదివేసింది. వీళ్ళ మొదటి ఆల్బమ్ ‘న్యూ లాంగ్ లెగ్’ 2021 ఏప్రిల్‌లో వచ్చి బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది.

దాంతో గండం ఖాయమైంది. రెండోదానికి ఎంత జాగ్రత్తగా ఉండాలి?

2022 జూన్‌లో సింగిల్ వదిలారు. పేరు ‘డోంట్ ప్రెస్ మీ’. నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. అది రికార్డు చేసిన చోటు చూడండి, వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియో. ఒకప్పుడు పాడిపశువుల కొట్టం. 1975లో క్వీన్ బ్యాండు తమ ఆరు నిమిషాల మహాపాట ‘బొహీమియన్ రాప్సడీ’లో కొంత భాగం రికార్డు చేసింది అక్కడే. అంత చరిత్ర ఉన్న కొట్టంలోకి వెళ్ళి, పాలు పితికేంత సేపు కూడా ఉండకుండా బయటకి వచ్చారు.

పోనీ, చిన్న పాటయినా పెద్ద విషయం ఉందా అంటే, గేమింగ్ మౌస్ గురించి. నా మౌస్ ముట్టుకోకు అని ఎవరినో హెచ్చరించడం, అవతలి మనిషిని ఎలుకా అని తిట్టడం. మౌస్ జోలికి రావద్దని ఎలుకకి చెప్పడంలో ఉన్న తర్కాన్ని నేను మూడు రోజులు పరిశీలించాను. యుద్ధం అందామంటే యుద్ధం లేదు, పెట్టుబడిదారీ వ్యవస్థ అందామంటే అదీ కనపడలేదు. ఇందులో గూఢార్థం ఉందని రాసేలోపే వాళ్ళే ప్రకటన ఇచ్చి నా పొట్ట కొట్టారు. గేమ్స్ ఆడుకోవడంలో ఉండే సరదా గురించట, కాసేపే ఉండి తప్పు చేశామన్న బాధ మిగల్చని సంతోషాల గురించట. పల్లవి ఎవరికోసమో కాదు, తన మెదడుకి తనే పాడుకోవడానికి రాసుకుందట షా. ఎప్పుడూ నాతో దెబ్బలాడతావు, నన్ను టెన్షన్ పెడతావు అని. ప్రకటనలో ‘ప్రయాణం’ ఎక్కడుందో భూతద్దం పెట్టి చూశాను.

ఇంకో నేరం, ఆ పల్లవిలో ఆవిడ కాస్త పాడింది. నిజంగానే రాగం తీసింది. పాడకపోవడమే గొప్పతనమని మొదటి ఆల్బమ్‌కి పేజీలు రాసినవాళ్ళ గతేం కావాలి? ఏం చేస్తారు, పాడటమే గొప్పతనమని మళ్ళీ రాశారు.

పరిశోధిస్తే ఈ జాడ్యం పాతదేనని తేలింది. లండన్‌లోనే వైర్ అనే బ్యాండు 1978లో ‘చెయిర్స్ మిస్సింగ్’ అని తమ రెండో ఆల్బమ్ తెచ్చింది. అందులో ‘అవుట్‌డోర్ మైనర్’ అనే పాట ఉంది. అందమైన పాట, రెండు నిమిషాలకి తక్కువే. విషయం, ఆకు తొలిచే పురుగు. ఆకు పైపొరకీ కింది పొరకీ మధ్య దూరి, లోపల గుజ్జు తింటూ ముందుకి పోయే పురుగు. ఇది సింగిల్‌గా వేయాలంటే మరీ పొట్టిగా ఉందని కంపెనీ పట్టుబడితే మధ్యలో పియానో కలిపి సాగదీశారు. నా సిద్ధాంతానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పాటకి నిడివి అవసరమని పురుగు విషయంలో కూడా పెద్దలు ఒప్పుకున్నారు.

ఈ సంగతి మా బాబాయికి చెప్పాను. ఆయన టమాటా వేస్తాడు. ఆ పురుగు పాకిన ఆకు మీద ముగ్గు పోసినట్టు తెల్ల గీతలు మెలికలు తిరిగి ఉంటాయి, ఆయన చేలో నేనూ చూశాను. పాటంతా విని, “మందేం కొట్టారట?” అన్నాడు. విమర్శ అంటే అది.

సందు దొరికింది కదా అని డ్రై క్లీనింగ్ కూడా వినిపించాను. నిమిషం ఓపిగ్గా విన్నాడు.

“ఈ అమ్మాయి పాడటం ఎప్పుడు మొదలుపెడుతుందిరా?”

“పాడేస్తోంది బాబాయ్.”

“ఇదా? ‘దయచేసి వినండి’ అనడం ఒక్కటే తక్కువ. ఏ ప్లాట్‌ఫారమ్ మీదకి వస్తుందట?”

ఇది పోస్ట్-పంక్ అనీ, విసుగును కళగా మార్చిన ఉద్యమమనీ వివరించబోయాను. “విసుగయితే మీ పిన్ని బాగా చేస్తుంది” అని లేచి మోటారు వేయడానికి వెళ్ళాడు.

అసలు ఘోరం ఇంకా చెప్పలేదు. ఆల్బమ్ ఆ అక్టోబర్ 21న వచ్చింది, పేరు ‘స్టంప్‌వర్క్’. అంటే 17వ శతాబ్దం ఇంగ్లండులో ఆడవాళ్ళు కుట్టిన ఒక రకం ఉబ్బెత్తు ఎంబ్రాయిడరీ. మంచిదే, సంస్కృతి ఉట్టిపడుతోంది అనుకుని అట్ట చూశాను. తడిసిన సబ్బుబిళ్ళ మీద అంటుకున్న వెంట్రుకలతో ఆల్బమ్ పేరు రాసి ఉంది! స్నానాలగదిలో కనపడితే ‘ఎవరిదిది’ అని ఇంట్లో గొడవయ్యే వస్తువది. దాని అట్ట డిజైన్‌కి 2024లో గ్రామీ ఇచ్చారు. సబ్బు కడిగి పెట్టమని చెప్పే అమ్మలకి ఇకమీదట ఇంట్లో ఏం గౌరవం ఉంటుందో న్యాయనిర్ణేతలు ఆలోచించలేదు.

ఆల్బమ్‌లోంచి ఇంకో సింగిల్ కూడా వచ్చింది, ‘గ్యారీ ఆష్బీ’. మనిషి పేరులా ఉంది కదా, ఏ కార్మిక నాయకుడో, ఉద్యమంలో పోయిన మిత్రుడో అని గౌరవంగా లేచి నిలబడి విన్నాను. తాబేలు. లాక్‌డౌన్‌లో ఒకళ్ళింట్లోంచి తప్పించుకుపోయిన పెంపుడు తాబేలు. దేశమంతా తలుపులేసుకుని కూచున్నప్పుడు అదొక్కటే బయటపడిందన్నమాట. ఎటుపోయిందో, ఏమైందో అని పాట. రెండో ఆల్బమ్ అంటే బ్యాండు బతుకో చావో తేలే సమయం. అలాంటప్పుడు తాబేలు కోసం వెతుకుతారా?

బాబాయికి ఇది కూడా చెప్పాను, ఆయన కూడా నాతో కలిసి ఖండిస్తాడని. ఏమీ అనలేదు. పొద్దుపోయింది, భోంచేసి పడుకున్నాం.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. యూరియా రేటూ, పిన్ని మోకాళ్ళ నొప్పులూ అన్నీ అయ్యాక, పెట్టేస్తాడనుకుంటుంటే ఆగాడు.

“ఒరే, ఆ తాబేలు దొరికిందా?”

“పాటలో చెప్పలేదు బాబాయ్.”

“మరి వాళ్ళు ఇంకో పాట ఎప్పుడు వదులుతారు?”