ముద్ర ఒకరికి, మిసో మరొకరిది

ఊరి పేరు మీద అమ్ముడుపోయే సరుకుకు సర్కారు ముద్ర పడితే అసలు తయారీదారు బతికిపోతాడని మనకో నమ్మకం. పులియబెట్టిన సోయా ముద్ద హచ్చో మిసో విషయంలో జపాన్ ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఒకజాకి పట్టణంలోని హచ్చో వీధిలో, పాత తొకైదో బాటకు అటొకటి ఇటొకటిగా, మరుయా, కకుక్యూ అనే రెండు సంస్థలు తరతరాలుగా ఈ సోయా ముద్దను మగ్గబెడుతున్నాయి. 2017 డిసెంబరులో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు మాత్రం ఐచి రాష్ట్రంలోని మిసో తయారీదారుల సహకార సంఘానికి దక్కింది. ఈ ఇద్దరూ ఆ సంఘంలో లేరు, కాబట్టి ముద్రా లేదు. మరుయా కోర్టుకెక్కింది. గడువు దాటాక కేసు వేశారంటూ కింది కోర్టు కొట్టేసింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టులోనూ ఓటమే. ఏది అసలు మిసో అన్న ప్రశ్న జోలికి ఆ తీర్పు పోనేలేదు.

అసలు తగువంతా తయారీ పద్ధతి దగ్గరే. హచ్చో వీధిలో ఉడికిన సోయాను పిడికెడంత ముద్దలు చేసి, సోయాను పులియబెట్టే కోజి బూజు పట్టిస్తారు. ఉప్పు, కొద్దిపాటి నీళ్లు కలిపి నిలువెత్తు సీడర్ చెక్క పీపాలో వేసి, గాలి మిగలకుండా కాళ్లతో తొక్కుతారు. పీపాకు దాదాపు 6 టన్నులు పడుతుంది. దాని మీద ఏటి రాళ్లు, సుమారు 3 టన్నులు, గోపురంలా పేరుస్తారు. భూకంపం వచ్చినా కూలకూడదు కాబట్టి ఆ పేర్పు ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన పని. నీళ్లు తక్కువ వేసిన ముద్ద ఇది. పైన అంత బరువుంటేనే ఉన్న తేమ పైనుంచి అడుగు దాకా సమంగా పాకుతుంది. బరువు తగ్గితే అడుగున తడి, పైన పొడి. ఇలా రెండు వేసవులు, రెండు చలికాలాలు ఆగాలి. వేడి పెట్టి తొందర చేయరు.

సంఘం రాసిన నిబంధనల్లో చెక్క పీపాయే కావాలని లేదు, స్టీలు ట్యాంకైనా సరే. రాళ్ల గోపురం అక్కర్లేదు. ఒక్క వేసవి గడిస్తే చాలు, వేడి పెట్టి మగ్గబెట్టినా ఒప్పే. సంఘంలో చేరమని పిలిస్తే ఆ ఇద్దరూ రామన్నారంటే, అనక ఏం చేస్తారు?

సంఘం వాదనా ఉంది. ఐచిలో వేరే ఊళ్లవాళ్లూ దశాబ్దాలుగా ఈ పేరుతో అమ్ముతున్నారని, రెండు సంస్థలకే హక్కిస్తే గుత్తాధిపత్యమవుతుందని, విదేశీ నకిలీలను అడ్డుకోవాలంటే పేరు రాష్ట్రమంతటిదీ కావాలని అంటుంది. నకిలీల భయం నిజమే. కానీ దానికి పద్ధతిని పలుచన చేయడం ఏం మందు?

ఇదే జపాన్ 1974లో తెచ్చిన సంప్రదాయ చేతివృత్తుల చట్టం చూడండి. ప్రధాన ఘట్టాలు చేత్తోనే జరగాలి. పద్ధతికీ ముడిసరుకుకీ నూరేళ్ల చరిత్ర ఉండాలి. ఆ ప్రాంతంలో కనీసం 10 సంస్థలో, 30 మంది పనివాళ్లో ఉండాలి. 1975లో గుర్తింపు పొందిన ఇవాతె ఇనుప సామాను, నంబు టెక్కి, ఆ కొలతకు నిలిచినదే. అయితే కొనేవాళ్లు అక్కడా చూసుకోవాలి. లోపల ఎనామెల్ పూత ఉంటే అది టీ వడ్డించే పాత్ర, పొయ్యి మీద పెడితే పూత పగులుతుంది. పూత లేనిదే నీళ్లు కాచే కెటిల్. దాన్ని వాడాక నీళ్లన్నీ వంపేసి, మూత తీసి ఆ వేడికే ఆరనివ్వాలి, లోపల పీచుతో తోమకూడదు.

మిసో కొనేటప్పుడు ముద్ర కన్నా వెనక చీటీ ముఖ్యం. అందులో సోయా, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండకూడదు. పక్కనే ఉండే ‘అకదాషి’ ప్యాకెట్ బియ్యపు మిసో కలిపిన మిశ్రమం. చాలావాటిలో చేపలతో కాచిన రసం, దాషి కూడా ఉంటుంది, శాకాహారులు పొరబడేది ఇక్కడే.

ఇక మన సంగతి. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ వచ్చి ఇరవై ఏళ్లయింది. ఆ డిజైన్‌ను గుడ్డ మీద అచ్చు కొట్టి అమ్మేవాళ్లు ఆగారా? మడత తిప్పితే దొంగ దొరికిపోతాడు. నూలుకు ముందే రంగు అద్ది నేసినది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినది వెనక వెలవెలబోతుంది. కొనేవాడికి ఈ ముక్క చెప్పే ప్రచారం ఎక్కడ? ఎన్ని ట్యాగులు తెచ్చామన్న లెక్క మాత్రం ప్రతి ప్రభుత్వమూ చెప్పుకుంటుంది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకూ ముద్ర వచ్చింది. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను లాగి, క్షణంలో రేకు తీసే పని అది. పిండి కాస్త చిక్కబడితే రేకు మందమై నోట్లో కరగదు. రేపు పెద్ద పెట్టుబడి వచ్చి, కుండ తీసేసి యంత్రం పెట్టి, అదే ఊరి పేరు అంటించుకుంటానంటే అడ్డు చెప్పాల్సింది నిబంధనల కాగితమే. అందులో కుండ, గుడ్డ, పిండి పల్చదనం ఇప్పుడే తేటగా రాసి ఉండాలి. ఆ రాత బల్ల దగ్గర ముందు కూర్చోవాల్సింది రేకు తీసే ఆడవాళ్లు, సంఘం ఆఫీసుబేరర్లు ఆ తర్వాతే.