గుమ్మం దగ్గరే ఆగిపోయిన ధింసా

మొన్న విశాఖ బీచ్ రోడ్డు వైపు ఒక రిసెప్షన్‌కి వెళ్లాను. గుమ్మం దగ్గర అరకు నుంచి పిలిపించిన పదిమంది ఆడవాళ్లు ధింసా ఆడుతున్నారు, అక్కడి గిరిజనుల నృత్యం. కారు దిగినవాళ్లు దిగినట్టే ఫోన్ ఎత్తడం, పది సెకన్లు తీసుకోవడం, బిర్యానీ వైపు నడిచిపోవడం. గంటన్నర తర్వాత నేను బయటికొస్తే వాళ్లింకా ఆడుతూనే ఉన్నారు. మంచినీళ్లిచ్చిన పాపాన పోయినవాడు లేడు.

అదేమంటే "మన కల్చర్‌ని ప్రమోట్ చేస్తున్నాం" అంటారు. ఏం ప్రమోట్ చేశారండీ? ధింసా అంటే ఒక్కటే ఆట కాదు. గ్రామదేవతకి మొక్కుతూ ఆడేది బోడ ధింసా. పులి మీదికొస్తే ఎలా ఉంటుందో చూపించేది బాగ్ ధింసా. ఆకులు ఏరుకునే పనికీ ఒకటుంది. ఆ రోజు గుమ్మంలో ఏది ఆడారో పిలిచినవాళ్లకే తెలీదు.

ఒకసారి చైత్ర పండగ రోజుల్లో అరకు దగ్గర ఊళ్లో ఒకావిడ నన్ను వరసలోకి లాగేసింది. చేతులు పక్కవాళ్ల వీపు వెనక్కి పోనిచ్చి పట్టుకోవాలి. తుడుము మోగుతోంది, మోరి ఊదుతున్నారు. చూస్తే నాలుగడుగులే కదా అనిపించింది. మూడో అడుగు తప్పాను. నేనొక్కదాన్ని కాదు, వరసంతా తూలింది! పగలబడి నవ్వారు. ఆ రాత్రి నాకు తెలిసింది ఏ వీడియోలోనూ దొరకలేదు.

కలిసి ఆడితేనే తెలుస్తుందని మా ఇంట్లోనూ చూశాను. మా పెదవాల్తేరు ఇంటి మేడ మీద ఇథియోపియా కుర్రాడు అద్దెకుంటున్నాడు. అమ్మ చేప ఆకారం వామనగుంటల పీట తీసి చింతపిక్కలు సర్దుతుంటే మెట్ల మీదే ఆగిపోయాడు. "గెబెత!" అన్నాడు. వాళ్ల దేశంలో ఇలాంటి గుంటలాటకి అదే పేరు. వాళ్ల దగ్గర మూడు వరసల పీటలు కూడా ఉంటాయట. కూర్చున్నారిద్దరూ. అమ్మకి ఇంగ్లిష్ రాదు, అతనికి తెలుగు రాదు. రూల్స్ దగ్గర గొడవ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. "అలా కాదు బాబూ, ఖాళీ గుంట వచ్చిందా, వేలితో ఇలా తుడిచి ఆ పక్క గుంటలోవి తీసుకోవాలి" అని అమ్మ, అతని చెయ్యి పట్టుకుని మరీ తుడిపించింది. మూడాటలు వరసగా ఓడిపోయాడు. నాలుగోది అమ్మ ఓడిపోయి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది.

ఇప్పుడు అమ్మ పిక్కలు వేస్తూ "అంద్, హులెత్, సోస్త్" అని అతని భాషలో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతోంది. నాలుగు దగ్గరికి రాగానే మళ్లీ తెలుగులోకి వచ్చేస్తుంది.