12 వోల్టులు అంటే ఎన్ని వోల్టులు?

గత డిసెంబరులో విద్యార్థుల రోబోటిక్స్ పోటీ ఒకదానికి మా పాఠశాల నుంచి తొమ్మిదో తరగతి చదువుతున్న ముగ్గురు బాలికలను తీసుకువెళ్లాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. నల్ల గీతను గుర్తిస్తూ దాని వెంట నడిచే రోబోను ఈ పిల్లలు రెండు నెలల పాటు బడి వదిలిన తరువాత కూర్చుని తయారు చేసుకున్నారు. పోటీ రోజు ఉదయం తనిఖీ బల్ల దగ్గర నిర్ణేత ఒకరు మల్టీమీటరు తీసి వాళ్ల బ్యాటరీకి పెట్టారు. మీటరు 12.5 చూపించింది. నిర్వాహకులు పంపిన ఒకటిన్నర పేజీల ప్రకటనలో "బ్యాటరీ వోల్టేజీ 12 వోల్టులకు మించరాదు" అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని చూపించి, వోల్టేజీ తగ్గించుకుని వస్తేనే ఆడనిస్తామని చెప్పారు.

"సార్, బ్యాటరీ మీద 11.1 అనే రాసి ఉంది కదా సార్" అని జట్టు నాయకురాలు అడిగింది. "మీటరు ఎంత చూపిస్తే అంతేనమ్మా" అన్నారాయన. ఆయన కోపంగా చెప్పలేదు, దురుద్దేశంతోనూ చెప్పలేదు. తన ముందున్న వాక్యాన్ని తనకు తోచినట్లు చదువుకున్నారు, అంతే. పిల్లలు దాన్ని ఇంకోలా చదువుకున్నారు. ఆ రెండు అర్థాలకూ ఆ వాక్యంలో సమానంగా చోటుంది.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం చెప్పక తప్పదు. లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి 3.7 వోల్టులని మార్కెట్లో అమ్ముతారు. మూడింటిని వరుసగా కలిపితే 11.1 అవుతుంది కాబట్టి ప్యాకు మీద ఆ అంకె ముద్రిస్తారు. అయితే పూర్తిగా చార్జి అయిన సెల్లులో 4.2 వోల్టులుంటాయి, మూడు కలిస్తే 12.6. వాడే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టుకునే బ్యాటరీని అందరమూ 12 వోల్టుల బ్యాటరీ అనే అంటాము. పూర్తిగా చార్జి చేసి మీటరు పెడితే అది కూడా 12.6 ప్రాంతంలోనే చూపిస్తుంది. అంటే ఆ నిర్ణేత చదివిన పద్ధతిలో చూస్తే, 12 వోల్టుల పరిమితి పెట్టిన పోటీలో నిండుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీకే ప్రవేశం లేదు. నియమం రాసినవారి ఉద్దేశం అది అయి ఉంటుందని నేను అనుకోను. ముద్రించిన వోల్టేజీనా, కొలిచిన వోల్టేజీనా అన్న ఒక్క మాట ఆ వాక్యంలో చేరి ఉంటే ఈ పోస్టు రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

పిల్లలు రోబోను తలకిందులుగా పెట్టి, చక్రాలను గాలిలో తిప్పుతూ బ్యాటరీని ఖర్చు చేయడానికి కూర్చున్నారు. చక్రాలు నేలకు ఆనకుండా తిరిగితే మోటార్లు చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి. అరగంట గడిచాక మీటరు 12.3 దగ్గర ఉంది. మా వంతు రానే వచ్చింది, పోయింది కూడా. ఇద్దరు పిల్లలు బల్ల దగ్గర నిలబడి ఉండగా మూడో అమ్మాయి ఇంకా ఆ చక్రాల వైపే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం బయటకు వచ్చేటప్పుడు నాకు మరో సంగతి తెలిసింది. వేరే పాఠశాల ఉపాధ్యాయుడొకరు వారం ముందే నిర్వాహకులకు ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడిగారట. మీటరుతోనే కొలుస్తామని వాళ్లు చెప్పడంతో, ఆయన తన పిల్లల చేత సెల్లులను సగమే చార్జి చేయించి తెచ్చారు. ఆయన చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. ప్రశ్న అడగడం ఉపాధ్యాయుడి బాధ్యత. జవాబు చెప్పిన పద్ధతిలోనే తప్పు ఉంది. ఆ జవాబు ఒక్క జట్టుకు దక్కిన క్షణం నుంచి మిగిలిన జట్లన్నీ వేరే నియమావళితో ఆడుతున్నట్లే లెక్క. నియమానికి అర్థం చెప్పడమంటే నియమం రాయడంలో ఒక భాగమే. నియమాన్ని అందరికీ కాగితం మీద పంపి, దాని అర్థాన్ని మాత్రం ఒకరి చెవిలో చెప్పడం ఏ విధంగానూ న్యాయం కాదు.

నేను ఎందుకు అడగలేదని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆ ప్రకటనలో నమోదు రుసుము చెల్లించవలసిన ఖాతా సంఖ్య ఉంది గాని, సందేహాలు ఎవరికి పంపాలో, ఏ తేదీ లోపల పంపాలో ఎక్కడా లేదు. పైగా 11.1 అని ముద్రించి ఉన్న బ్యాటరీ 12 కంటే తక్కువేనా అన్న సందేహం నాకు కలగనే లేదు. సందేహం కలగనివారికి కూడా జవాబు అందాలి. బహిరంగంగా వివరణ ఇవ్వడం వల్ల కలిగే అసలు ప్రయోజనం అదే.

ఈ విషయంలో మనం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. డీన్ కామెన్ స్థాపించిన ఫస్ట్ సంస్థ 1992 నుంచి అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు రోబోటిక్స్ పోటీ నిర్వహిస్తోంది. అక్కడ ఆట వివరాలు జనవరిలో వెలువడతాయి. జట్లు రోబోలు తయారు చేసుకునే వారాల్లో సవరణలు, వివరణలు నిర్ణీత రోజుల్లో అందరికీ ఒకేసారి విడుదలవుతాయి. ప్రశ్నలు అడగడానికి ఒక బహిరంగ వేదిక ఉంటుంది. ఒక జట్టు అడిగిన ప్రశ్ననూ దానికిచ్చిన జవాబునూ ప్రపంచంలో ఏ జట్టయినా చదువుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చిన అంశం మరొకటుంది. ఆ వేదికలో ఇచ్చిన జవాబు నియమావళి పాఠాన్ని మార్చజాలదని వాళ్ల నియమావళే చెబుతుంది. జవాబు పని అర్థాన్ని విప్పి చెప్పడం వరకే. నియమమే మారాలంటే దాన్ని సవరణగా ప్రకటించాలి. రాసిన దానికి రాసిన అర్థమే తప్ప వేరే అర్థం లేదని, దాచిపెట్టిన షరతులేవీ లేవని, మొత్తం చదివితే మొత్తం తెలిసినట్లేనని ఆ పుస్తకం మొదట్లోనే పిల్లలకు హామీ ఇస్తుంది. ఈ ఒక్క హామీ మన ప్రకటనల్లో ఎందుకు ఉండకూడదు?

అదే సంస్థ చిన్న పిల్లల కోసం నడిపే లెగో లీగ్ పద్ధతి ఇంకా మెత్తగా ఉంటుంది. నియమంలో ఒక వివరాన్ని ప్రస్తావించకపోతే ఆ వివరం పట్టింపు లేనిదనే భావించాలి. ఎటూ తేలని పరిస్థితి వస్తే సందేహ లాభం జట్టుకే ఇవ్వాలి. మన దగ్గర తరచుగా దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. నియమంలో ఏదైనా లేకపోతే దానికి అనుమతి లేదని నిర్ణేతలు భావిస్తారు, అనుమతి లేదని ఎక్కడా లేదు కదా అని పిల్లలు భావిస్తారు. ఆ రెండు భావాలూ పోటీ రోజున తనిఖీ బల్ల దగ్గర ఢీకొంటాయి. ఓడేది ఎప్పుడూ పిల్లలే.

"నిర్ణేతలదే తుది నిర్ణయం" అన్న వాక్యం మన ప్రకటనలన్నింటిలోనూ చివర కనిపిస్తుంది. ఆటలో జరిగిన సంఘటనల విషయంలో అది ఉండి తీరాలి. రోబో గీత దాటిందా లేదా, చెయ్యి ముందు తగిలిందా గంట ముందు మోగిందా అన్నవి ఒకరు చూసి తేల్చవలసిన విషయాలు, వాటి మీద వాదన పెరగనివ్వకూడదు. కాని ఒక పదానికి అర్థమేమిటన్నది పోటీ రోజు ఉదయం తొమ్మిది గంటలకు తేల్చవలసిన విషయం కాదు.

ఇక సామగ్రి సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం ఇదే, ఎందుకంటే ప్రభుత్వ బడి పిల్లలకు అనుమతించిన సామగ్రి జాబితా అన్నది డబ్బు సంగతి కూడా. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు తయారు చేసి చూసే ప్రయోగశాల) మంజూరైన పాఠశాలకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయల వరకు నిధులు అందుతాయి. అది రాని పాఠశాలలు వేలల్లో ఉన్నాయి, మాది వాటిలో ఒకటి. పేరున్న కంపెనీ రోబోటిక్స్ కిట్ ఒకటి కొనాలంటే పదుల వేల రూపాయలవుతుంది. మేము ఆదివారం నాడు మూడు గంటలు బస్సులో ప్రయాణించి హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి, మోటార్లు, వాటికి కరెంటు అందించే మోటార్ డ్రైవర్ సర్క్యూట్, సెన్సార్లు, సెల్లుల పెట్టె విడివిడిగా బేరమాడి కొనుక్కున్నాము. చాసిస్‌కు, అంటే రోబో చట్రానికి, ఒక పాత ఫోమ్ బోర్డు ముక్కను కత్తిరించారు. చక్రాలు జారుతున్నాయని సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి వాటి చుట్టూ తొడిగారు. ఆ పట్టీ వెడల్పు ఎంత ఉండాలో తేల్చుకోవడానికే వాళ్లకు నాలుగు రోజులు పట్టింది.

ఇంతకూ ప్రకటనలో సామగ్రి గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం: "సిద్ధంగా తయారైన భాగాలు వాడరాదు." మోటారు సిద్ధంగా తయారైన భాగం కాదా? దాన్ని ఏ పిల్లవాడూ ఇంట్లో తీగ చుట్టి తయారు చేసుకోడు. మోటార్ డ్రైవర్ సర్క్యూట్‌ను సోల్డరింగ్ చేసి అమ్మే బోర్డు సంగతేమిటి? త్రీడీ ప్రింటర్ ఉన్న పాఠశాల అందులో అచ్చు వేసిన చాసిస్ సొంత తయారీ కిందకు వస్తుందా, ఆ ఆకృతిని ఇంటర్నెట్ నుంచి దించుకుంటే అప్పుడేమవుతుంది? ఆ రోజు ఒక జట్టు దుకాణంలో కొన్న అక్రిలిక్ చాసిస్‌తో వచ్చింది, దాన్ని అనుమతించారు. మరో జట్టు అయిదు సెన్సార్లు ఒకే బోర్డు మీద ఉన్న వరుసను తెచ్చింది, అది సిద్ధంగా తయారైన భాగమని దానికి అభ్యంతరం చెప్పారు. ఈ రెండు నిర్ణయాల మధ్య తేడా ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

రోబోను నడిపించే ప్రోగ్రామును ఎక్కించే బోర్డుల విషయంలోనూ ఇంతే. "ఆర్డుయినో బోర్డు మాత్రమే వాడాలి" అని రాస్తారు. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో మొదలైన ఆర్డుయినో తన బోర్డుల రూపకల్పనను అందరికీ తెరిచి ఉంచింది. కాబట్టి అదే నమూనాలో ఇతరులు బోర్డులు తయారు చేసి అమ్మడం చట్టబద్ధమే. వాటి మీద ఆ పేరు మాత్రం వేసుకోకూడదు. గుజరాతీ గల్లీలో తక్కువ ధరకు దొరికే బోర్డుల్లో చాలావరకు ఇలాంటివే. పేరు లేదు గనుక అవి ఆర్డుయినో కాదని ఒక నిర్ణేత అంటే ఆ పిల్లలు ఏం చేయాలి? బ్రాండు పేరుకు బదులు బోర్డు మీద ఏ మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామును నడిపే చిప్) ఉండవచ్చో, ఎన్ని ఉండవచ్చో రాస్తే ఈ చిక్కు ఉండదు.

కచ్చితంగా రాయడమంటే కఠినంగా రాయడమని చాలామంది పొరపడతారు. విద్యార్థుల రోబోటిక్స్ పోటీల్లో మరొకటైన వెక్స్‌నే చూడండి. అక్కడ రోబో ప్రధానంగా వెక్స్ భాగాలతోనే కట్టాలి. అయినా బయటి ప్లాస్టిక్ షీటుకు చోటిచ్చారు. మందం 0.070 అంగుళానికి మించకూడదని, 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు మించని ముక్కలు 12 వరకు ఉండవచ్చని, పగిలి పెంకులయ్యే రకం వాడకూడదని రాశారు. పన్నెండేళ్ల పిల్లవాడు స్కేలు పట్టుకుని ఇంట్లోనే తన రోబోను తనిఖీ చేసుకోగలడు. చివరి షరతుకు కారణం కూడా వెంటనే అర్థమవుతుంది: పగిలిన పెంకు కంట్లో పడుతుంది. భద్రత కోసం పెట్టే నియమాలు ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఉబ్బిన లిథియం ప్యాకును హాల్లోకి రానివ్వకండి, ఫ్యూజు తప్పనిసరి చేయండి, తీగలు బయటకు తేలి ఉంటే వెనక్కి పంపండి. అయితే ఆ 12 వోల్టుల పరిమితి భద్రత కోసమా, లేక అందరి మోటార్లూ సమాన వేగంతో తిరగాలన్న ఉద్దేశంతోనా అన్నది నియమం పక్కన ఒక్క ముక్కలో రాస్తే, కొలవవలసింది ఏమిటో నిర్ణేతకూ తెలుస్తుంది, పిల్లలకూ తెలుస్తుంది.

బరువు, కొలతల గురించి ఎక్కువ చెప్పను. బరువులో బ్యాటరీ కలుస్తుందా లేదా, కొలత ఆట మొదట్లోనా ఆట పొడవునా, ఈ రెండూ రాయండి చాలు.

రోబో పరిగెత్తే నేల గురించి మాత్రం చెప్పాలి, దాన్ని మనవాళ్లు సామగ్రిగా లెక్కించనే లెక్కించరు. మా పిల్లలు తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి సాధన చేశారు. పోటీలో పరిచింది మెరిసే ఫ్లెక్సీ. పైన ట్యూబులైట్లు వెలుగుతుంటే నల్ల గీత మీద కూడా కాంతి తళుక్కుమని, ఆడిన జట్లలో చాలావాటి రోబోలు ఒకే మలుపు దగ్గర దారి తప్పాయి. సెన్సారు చూసేది తిరిగి వచ్చే కాంతినే కాబట్టి, గీత వెడల్పుతో పాటు అది ఏ పదార్థం మీద ఉంటుందో కూడా ముందే చెప్పాలి. వీలైతే ఒక అడుగు ముక్క ప్రతి జట్టుకూ పంపాలి.

నిర్వాహకుల కష్టం నాకు తెలుసు. వాళ్లలో చాలామంది జీతం లేకుండా, సెలవు రోజుల్లో, పిల్లల మీద ప్రేమతో పని చేస్తున్నవారే. అందుకే నేను యాభై పేజీల నియమావళి అడగడం లేదు. సందేహాలు పంపడానికి ఒక చిరునామా, వాటికి ఒక గడువు తేదీ, వచ్చిన ప్రశ్నలన్నింటినీ జవాబులతో సహా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అన్ని జట్లకూ ఒకేసారి పంపడం, పోటీకి కనీసం పదిహేను రోజుల ముందు నియమాలను ఇక మార్చకుండా నిలిపివేయడం, ఆ జవాబుల కాగితం తనిఖీ బల్ల మీద నిర్ణేత చేతికి అందేలా ఉంచడం, ఇవి అడుగుతున్నాను. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు ప్రకటనను నా నోటి ద్వారా వింటున్నారు. నేను తప్పుగా చెబితే ఆ తప్పుకు ఫలితం అనుభవించేది వాళ్లు.

ఈ ఏడాది పోటీ ప్రకటన పోయిన వారం వచ్చింది. అదే ఒకటిన్నర పేజీ, బ్యాటరీ గురించి అదే వాక్యం. ఆ ముగ్గురమ్మాయిలు ఇప్పుడు పదో తరగతిలో ఉన్నారు, పరీక్షల ఏడాది అయినా మళ్లీ వెళ్తామంటున్నారు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక నోటుపుస్తకంలో పద్నాలుగు ప్రశ్నలు రాశారు. మొదటిది వోల్టేజీ గురించి. ఆరోది సైకిల్ ట్యూబు పట్టీ చక్రంలో భాగమా, అతికించిన అదనపు వస్తువా అన్నది. పద్నాలుగోది, ఈ ప్రశ్నలు ఎవరికి పంపాలి అన్నది. ప్రకటన పంపినవారిలో ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ముందు ఆ పద్నాలుగో ప్రశ్నకు అన్ని పాఠశాలలకూ ఒకేసారి జవాబు పంపండి. మిగిలిన పదమూడూ మా పిల్లలు అక్కడికి పంపుతారు.