ఎవరండీ ఈవిడ?

డబ్బు లెక్కలు చూసిపెట్టే యాప్‌లకు దేశంలో కొదవ లేదు. అయినా ఇంకొకటి అత్యవసరమనీ, దాన్ని తయారుచేసే భారం నా నెత్తిన పడిందనీ పోయిన నెల ఒకటో తారీఖు సాయంత్రం నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం నా ఫోన్లోని యాప్ నెలవారీ నివేదిక పంపింది. బ్యాంకు మెసేజీలన్నీ చదివేసి, మన ఖర్చును రంగురంగుల ముక్కలుగా కోసి చూపిస్తుందది. మా ఆవిడ పక్కనే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. 'బంధుమిత్రులకు బదిలీ' అనే గులాబీ ముక్క కింద ఎవరో ఆడమనిషి పేరు, దాని పక్కన '74 సార్లు' అని ఉంది.

"ఎవరండీ ఈవిడ?"

పేరు నాకూ కొత్తే. విడమరిచి చూస్తే ప్రతిసారీ 15 రూపాయలే. రోజుకు మూడుసార్లు, ఆదివారాలు సెలవు. అరగంట బుర్ర గోక్కుంటే వెలిగింది. ఆఫీసు ఎదురుగా టీకొట్టు! కొట్టు ఆయనది, స్కానర్ ఆయన భార్య పేరు మీద ఉంది. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది, నమ్మించడానికి చాల్లేదు. మర్నాడు ఆ స్కానర్‌నీ, దాని వెనక పాలు మరిగిస్తున్న ఆయన్నీ కలిపి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు వచ్చింది: "షుగరుందని రోజుకు ఒక్క టీనే అన్నారుగా?"

2016లో యూపీఐ వచ్చినప్పుడు చిల్లర బాధ వదిలిందని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. చిల్లర ఎన్నడూ ఎవరి మీదా చాడీలు చెప్పలేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

కనుక మన ఇళ్లకు తగిన యాప్ కావాలి. తొలి తెర ఆ రాత్రే గీశాను. చేతికందిన కాగితం సన్నగా, పొడుగ్గా, అచ్చం ఫోను కొలతలో ఉండటం శుభసూచకం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడికి ఫోన్ చేస్తే, "ముందు యూజర్ రీసెర్చ్ చెయ్యాలి మామయ్యా" అన్నాడు. మా అమ్మతో మొదలుపెట్టాం.

అమ్మ ఎదురింటివాళ్లకు పాతికవేలు అప్పిచ్చింది. వడ్డీ ఎంతని నా ఫోన్లో ఉన్న యాప్ అడిగింది. "రెండు" అంది అమ్మ. యాప్ జాలిపడి, ఇంతకంటే బ్యాంకులో వేసుకోవడం మేలని సలహా ఇచ్చింది. అమ్మ చెప్పిన రెండు, నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం! ఈ కొలత మీద బతికే జనం మనం. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని డ్వాక్రా సంఘాల్లో ఎవరినడిగినా చెబుతారు. యాప్‌కు మాత్రం పావలా అంటే 2011లో చెల్లకుండా పోయిన నాణెం.

తర్వాత చీటీ. "నెలనెలా అయిదువేలు కడుతున్నారు కదా, ఇది ఖర్చా, పొదుపా, అప్పా?" అని మేనల్లుడు అడిగాడు.

"పాట పాడుకునేదాకా పొదుపురా. పాడుకున్నాక అప్పు. నడిపేవాడు ఊరొదిలి పోతే ఖర్చు."

వాడు మూడు గళ్లు గీసి, మూడూ కొట్టేశాడు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం చీటీ నడిపేవారిని ఫోర్‌మన్ అంటుంది. మా వీధిలో అక్కయ్యగారు అంటాం.

చదివింపులు మరీ చిక్కు. అన్ని యాప్‌లూ వాటిని 'బహుమతులు' కింద వేస్తాయి. ఇంతకన్నా అజ్ఞానం ఉంటుందా? మా బీరువాలో అట్ట ఊడిన నోటుబుక్కు ఉంది. 2009లో మా గృహప్రవేశానికి ఎవరు 516 చదివించారో, ఎవరు 116తో సరిపెట్టారో, ఎవరు ఉత్త కవరిచ్చి భోంచేసి వెళ్లారో అన్నీ అందులో ఉన్నాయి. అవి బహుమతులు కావండీ, బాకీలు.

చేబదుళ్లకు విడిగా ఓ పేజీ పెట్టాం. మా బావమరిది వాటా పెద్దది కాబట్టి పేజీ కిందికి జరుగుతూనే ఉంటుంది. 'గుర్తుచేయి' అనే బటన్ కూడా ఉంది. మొహమాటానికి ఎవరూ నొక్కరు. పొరపాటున నొక్కినా కొంపలు అంటుకోకుండా, పనిచెయ్యకుండా కట్టాం.

ఇక గోప్యత. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో నోట్ల రద్దు వార్త విని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి, పోపులడబ్బా అడుగు నుంచి పసుపంటిన అయిదువందల నోట్లు తొమ్మిది తెచ్చి నా ముందు పెట్టింది. మా ఇంట్లో ఇంతవరకు జరిగిన డేటా లీకు అదొక్కటే. పాస్‌వర్డ్ లేదు, వేలిముద్ర లేదు, ఇంగువ వాసన తప్ప వేరే రక్షణ లేదు. ఆ డబ్బా ఇప్పుడు ఖాళీయేనా అని అడిగే ధైర్యం నాకు లేదు కనుక ఆ వివరం యాప్‌లో ఉండదు.

మొన్న ఆదివారం నమూనాను మా ఆవిడ ముందు పెట్టాను. నా తొలి తెర, ఆ సన్నటి కాగితం మీదిదే. గళ్లు, బాణాలు, పైన 'ఈ నెల మీ ఆర్థిక క్రమశిక్షణ' అనే శీర్షిక. కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి, ఇంకా శ్రద్ధగా చూసింది.

"ఏమండీ, ఈ కరెంటు బిల్లు పధ్నాలుగో తారీఖుకే కట్టాలి కదా?"