నల్లా పక్కన కూసున్న నట్లా మేడం గారికి

నట్లా మేడం గారూ, దండాలు.

నేనెవరో మీకు తెల్వదు గానీ రోజూ మిమ్మల్ని మెత్తటి గుడ్డతోని తుడిచే చెయ్యి నాదే. నిజామాబాద్ దిక్కు నుంచి ఇజ్రాయెల్ వచ్చి బ్నేబ్రాక్ అనే ఊర్ల ఒక ముసలమ్మను చూసుకుంటున్న, ఆమెను ఇంట్లోళ్ల లెక్కనే నేను గూడ సవ్తా అంట, అంటే నానమ్మ. మా దిక్కు నల్లా అంటే కొళాయి, ఇక్కడి యూదులకు నట్లా అంటే రొట్టె తినే ముందర ఆచారం ప్రకారం చేతులు కడుక్కునే రెండు చెవుల చెంబు. కొత్తల సవ్తా నట్లా తెమ్మంటే నేను పోయి నల్లా ఇప్పేది, ఆ ముచ్చట ఆమె ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తది.

మొదటి వారమే నా పానం పోయినంత పనైంది. పొద్దున లేస్తే రాత్రి దాక నోరు మూయని మనిషి, సింక్ కాడ కుడిచెయ్యి మీద, ఎడమచెయ్యి మీద నీళ్లు పోసుకొని, ఏదో చదివి, వచ్చి రొట్టె ముందర కూసోని ఒక్కసారే మూగ అయిపాయె. ఏమైంది సవ్తా అంటే "మ్మ్ మ్మ్, ను ను" అని చెయ్యి ఊపుతది. పక్షవాతమే అనుకొని అంబులెన్స్‌కు 101 కొట్టబోయిన. తీరా చూస్తే కత్తి కావాల్నట. చేతులు కడిగినంక రొట్టె ముక్క నోట్ల పడేదాక మాట్లాడొద్దట!

అప్పుడు ఆ డ్యూటీ చేసింది మీరు కాదు, 10 షెకెళ్ల (షెకెల్ అంటే ఇక్కడి రూపాయి అనుకోన్రి) నీలం ప్లాస్టిక్ చెంబు. మీరు మొన్న పండుగకు మనవడి భార్య గిఫ్ట్‌గ దిగిన్రు. చేత్తోని చేసిన సిరామిక్, చుట్టూ దానిమ్మకాయల బొమ్మలు, అడుగున చేసినామె సంతకం, 320 షెకెళ్లు (స్టిక్కర్ పీకింది నేనే). మా ఊర్ల పెండ్లికి ఐరేని కుండలు చేసిచ్చే కుమ్మరాయన గూడ చేత్తోనే చేస్తడు మేడం, ఆయనను సంతకం పెట్టుమని ఎవ్వరూ అడగలే, పైంగ బేరం ఆడిన్రు.

కోపానికి రావొద్దు గానీ మీ గొప్ప ఏందో తెలుసుకుందామని మనవడిని అడిగిన. క్రీ.శ. 200 ప్రాంతంల కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మశాస్త్రంల యదాయిమ్, అంటే చేతులు, అనే భాగమే ఉందట. అండ్ల ఏ పాత్ర అయినా నడుస్తదని ఉంది, రాతిది, మట్టిది, ఆఖరికి పెండతోని చేసింది గూడ. పోసేటోళ్లు గూడ ఎవరైనా సరేనట, కోతి పోసినా చెల్లుతదట, రబ్బీ (యూదుల మతగురువు) యోసే ఒక్కాయన ఒద్దన్నడనుకో. మరి నేను పొయ్యొచ్చా అని అడుగుదామనుకున్న, కోతి ముచ్చట విన్నంక అడగబుద్ధి కాలే.

నల్లా కింద ఉత్తగ చేతులు పెడితే కుదరదు, మనిషి చేతి ఊపుతోని పాత్రల కెల్లి పడాలె. కనీసం ఒక రెవీయిత్ (వీళ్ల పాతకాలం కొలత) నీళ్లు ఉండాలె, కొందరి లెక్కల 86 మిల్లీలీటర్లు, కొందరి లెక్కల 150. మీరేమో లీటరు మింగుతరు, నిండిన్రంటే సవ్తా చేతులు గడగడ వణుకుతయ్. రెండు చెవులు ఎందుకు, కడిగిన చెయ్యి కడగని చెయ్యి పట్టిన జాగను ముట్టొద్దని. మీ చెవులు ఆర్ట్ కోసం ఎంత సన్నగ తిప్పిన్రంటే నా వేలు ఒక్కటే దూరతది.

పాత్ర ముచ్చటల శాస్త్రం గట్టిగ అడిగింది ఒకటే, పాత్ర పాత్ర లెక్క ఉండాలె, పగిలిన పెంకుతోని పోసుడు, చిల్లి ఉన్నదాంతోని పోసుడు పనికిరాదు. ప్లాస్టిక్‌ది వంద సార్లు పడ్డది, లేచింది. మీరు స్టీల్ సింక్‌ల ఒక్కసారి టక్కుమన్నరు, అయిపాయె, పొట్ట కింద వెంట్రుకంత గీత. నీళ్లు నింపి టవల్ మీద పెట్టి చూసిన, పావుగంటకు రూపాయి బిళ్లంత తడి.

సవ్తాకు ఒక్కదానికే చూపించిన. రబ్బీని అడుగుదామా అంటే నోటి మీద వేలు పెట్టుకొని "మ్మ్ మ్మ్, ను ను" అన్నది, అప్పుడు రొట్టె గిట్ట ఏం లేదు ముందర.

రేపు శుక్రవారం, మనవడి భార్య వస్తది. ఇంత మంచిదాన్ని రోజూ వాడి ఖరాబు చేస్తమా బిడ్డా అని సవ్తా డైలాగ్ రెడీ చేసుకున్నది. మీరు టేబుల్ మీద పువ్వులు పెట్టుకొని కూసోన్రి. ఎండుపువ్వులే తెచ్చిన, నీళ్లు పోసే పని లేకుండ.